నాలుగేళ్ల బాబుకు పూర్తి మత్తులో పంటి వైద్యం: ఒప్పుకోవచ్చా, ఆగాలా?

అమ్మా, మీరు రాసిన వివరాలను శ్రద్ధగా చదివాను. పలమనేరులో ఉంటున్న మీ బాబుకు నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. తొమ్మిది పళ్లు పుచ్చాయి. కింది దవడ ఒకసారి వాచి, యాంటీబయాటిక్ వాడాక తగ్గింది. మొదట చూపించిన చోట ఇద్దరు గట్టిగా పట్టుకుని ఒక పన్నుకు వైద్యం మొదలుపెట్టబోతే బాబు వాంతి చేసుకునేంతగా ఏడ్చాడు. అప్పటినుంచి తెల్లకోటు కనబడితే మీ కొంగు వదలడం లేదు, ఇంట్లో బ్రష్ కూడా నోట్లో పెట్టనివ్వడం లేదు. తిరుపతిలో చూసిన పిల్లల దంతవైద్యులు జనరల్ అనస్థీషియా, అంటే పూర్తి మత్తు ఇచ్చి అన్ని పళ్లకూ ఒకేసారి వైద్యం చేద్దామన్నారు. మీ అత్తగారు పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అంటున్నారు, మీవారికి మత్తు అంటేనే గుండె దడ. భయం పోగొట్టి మెలకువలోనే చేయించడం కుదరదా, ఆరేళ్లు వచ్చేదాకా ఆగవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా పిల్లల దంతవైద్యం ఒక్కటే చేస్తున్నాను. బాబు నోరు నేను చూడలేదు కాబట్టి మీరు రాసిన దానికి లోబడే నా అభిప్రాయం చెబుతాను. మీ బాబు విషయంలో పూర్తి మత్తుకు ఒప్పుకోవడమే మంచిదని నా నమ్మకం. అయితే మత్తులో బాగయ్యేది పళ్లు మాత్రమే. బాబు మనసులో నాటుకున్న భయం థియేటర్‌లోకి ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది. దానికి వేరుగా వైద్యం చేయాలి, ఆ వైద్యంలో సగం పని మీ ఇంట్లోనే జరగాలి. ఈ రెండో మాట చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. అందుకే కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ముందుగా మీ అత్తగారి మాట. ఆమె చెప్పింది ముందు పళ్ల విషయంలో చాలావరకు నిజమే, అవి ఆరు, ఏడు ఏళ్లకు ఊడిపోతాయి. దవడ పాలపళ్లు మాత్రం పది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. నాలుగేళ్ల బాబు ఇంకా ఆరేడేళ్లు అన్నం నమలవలసింది వాటితోనే. అవి ముందుగా పోతే వెనక నుంచి వచ్చే పెద్ద పళ్లు ముందుకు జరిగి, కింద ఎదుగుతున్న శాశ్వత దంతాలకు చోటు లేకుండా చేస్తాయి. పుచ్చు నరం దాకా దిగి చీము పట్టిన పన్ను కింద ఉన్న శాశ్వత దంతపు మొగ్గ దెబ్బతిని, ఆ పన్ను మచ్చలతోనో గుంతలతోనో రావచ్చు. వీటన్నిటికంటే ముఖ్యమైనది, బాబు ఇప్పుడే బాధపడుతున్నాడు. ఒకవైపే నమలడం, గట్టి పదార్థం వద్దనడం, పాలూ పెరుగన్నంతో సరిపెట్టుకోవడం, రాత్రి మధ్యలో లేచి ఏడవడం కనబడితే అది మారాం అనుకోకండి. నాలుగేళ్ల బిడ్డకు పన్ను నొప్పి అని విడమరిచి చెప్పడం రాదు.

దవడ వాపు వచ్చిందంటే ఒక పన్నులోనైనా పుచ్చు వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ నరాన్ని దాటి ఎముకలోకి దిగిందని అర్థం. యాంటీబయాటిక్ వాపును తగ్గిస్తుంది తప్ప కారణమైన పన్నును బాగు చేయదు. కాబట్టి అది మళ్లీ వస్తుంది, ఎప్పుడన్నదే ప్రశ్న. ఆపరేషన్ తేదీకి ముందే వాపు తిరగబెట్టి జ్వరం వచ్చినా, కన్ను మూసుకుపోతున్నా, దవడ కింద మెడవైపు వాపు దిగుతున్నా, మింగడం కష్టమై చొల్లు కారుతున్నా ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతి అయినా, మీకు అందుబాటులో ఉన్న వేలూరు అయినా సరే, తెల్లారేదాకా ఆగవద్దు. ఆరేళ్లు వచ్చేదాకా ఆగవచ్చా అన్న ప్రశ్నకు ఇదే నా జవాబు. ఒక్కసారి కూడా వాపు రాని బిడ్డ విషయంలో ఆగడం గురించి ఆలోచించవచ్చు, మీ బాబు ఆ దశ దాటాడు.

ఇక మెలకువలో ఎందుకు కుదరదో చూద్దాం. నాలుగేళ్లు మేము సహకారం ఆశించగలిగే వయసే. మూడేళ్లలోపు బిడ్డకు నోరు తెరిచి కదలకుండా ఉండమన్న మాట అర్థం చేసుకునే శక్తి ఇంకా రాదు. నాలుగేళ్లవాడికి ఆ శక్తి వస్తుంది, ఓపిగ్గా చెబితే చాలామంది కూర్చుంటారు. ఒకటో రెండో పళ్లు అయితే నేను మత్తు మాటే ఎత్తేవాడిని కాను. తొమ్మిది పళ్లు, అందులో కొన్నింటికి నరానికి సంబంధించిన వైద్యం అంటే లెక్క మారిపోతుంది. పంటి దగ్గర తిమ్మిరి కోసం ఇచ్చే లిగ్నోకెయిన్ కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములకు మించకూడదు. 14 కిలోల బిడ్డకు అది సుమారు 61 మిల్లీగ్రాములు, అంటే రెండు శాతం మందు మూడు మిల్లీలీటర్లు. కాబట్టి ఒక సిటింగులో ఒక పక్కన ఒకటి రెండు పళ్లకు మించి పని పెట్టుకోలేం. అంటే కనీసం ఐదారు సిటింగులు. బాబు మొదటిదానికే కూర్చోని స్థితిలో ఉన్నాడు, వాపు తిరగబెట్టడానికి గడువేమీ లేదు. పలమనేరు నుంచి తిరుపతికి రానుపోను ఒక రోజు పని. కుప్పం, వి.కోట వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకా దూరం. దూరాభారం వైద్య కారణం కాదని కొందరు అంటారు గాని నేను దాన్ని లెక్కలోకి తీసుకుంటాను. మూడో సిటింగుకు రావడం మానేసిన కుటుంబంలో బిడ్డ నోట్లో సగం తెరిచి వదిలేసిన పన్ను ఉండిపోతుంది.

గట్టిగా పట్టుకుని చేయించేస్తే సరిపోదా అన్న మాట మన ప్రాంతంలో పెద్దలు తరచుగా అంటారు. కొండమీద గుండు కొట్టించినప్పుడూ ఏడ్చాడు, ఒళ్లో అదిమి పట్టుకున్నాం, అయిపోయింది, ఇక్కడా అంతే కదా అంటారు. కల్యాణకట్టలో పని నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది, నొప్పి ఉండదు, ముగిశాక బిడ్డను అందరూ ముద్దు చేస్తారు. నోట్లో మేము వాడే, పన్నును తొలిచే ఎయిరోటర్ నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది, దానితోపాటు నీళ్లు చిమ్ముతాయి, నాలుకా బుగ్గా అంగుళం దూరంలో ఉంటాయి. తల తిప్పుతున్న బిడ్డ నోట్లో దానితో పని చేయడం ప్రమాదం. అంతకంటే నష్టం, ఆ అనుభవం బిడ్డ మనసులో మిగిలిపోవడం. ముప్పై, నలభై ఏళ్లు వచ్చినా పళ్లు ఊడే దశ దాకా డాక్టరు దగ్గరికి రాని పెద్దవాళ్లను కదిపి చూడండి, చాలామందికి చిన్నప్పుడు ఎవరో పట్టుకుని పీకించిన పన్ను గుర్తుంటుంది. ఏడుస్తున్న బిడ్డ నోటిని చేత్తో మూసి అదుపు చేసే పాత పద్ధతిని అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ 2006లో తన మార్గదర్శకాల నుంచే తీసేసింది. చీము పట్టిన పన్నును ఆ క్షణమే తీయకపోతే ప్రాణాపాయం అన్నంత అత్యవసరంలో, తల్లిదండ్రులకు చెప్పి ఒప్పుకున్నాక, రెండు నిమిషాలు పట్టుకోవలసి రావచ్చు. తొమ్మిది పళ్ల వైద్యానికి అది దారి కాదు. మీ బాబు విషయంలో ఆ ప్రయత్నం ఒకసారి జరిగింది, దాని ఫలితం బ్రష్ దాకా వచ్చింది.

పూర్తి మత్తుకు ముందు వేరే మార్గాలు ఉన్నాయా అంటే ఉన్నాయి, మీ డాక్టరుగారు వాటిని మనసులో బేరీజు వేసే ఉంటారు. ముక్కు మాస్కు ద్వారా ఆక్సిజన్‌తో కలిపి ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ చాలా మంచి సాధనం. బిడ్డ మెలకువలోనే ఉంటాడు, మాట్లాడతాడు, బెదురు తగ్గుతుంది. కాని మాస్కు పెట్టనిచ్చి ముక్కుతో గాలి పీల్చేంత సహకారం బిడ్డ నుంచి కావాలి. కొంచెం జంకే పిల్లలకు అది పనికివస్తుంది, బ్రష్‌కే నోరు తెరవనివాడికి పనికిరాదు. నోటి ద్వారా ఇచ్చే మిడజోలం మందుతో మగతగా ఉంచి చిన్న పని చేయవచ్చు, రెండు గంటల పని చేయలేం. పుచ్చును ఉన్నచోట ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. నొప్పి లేకుండా దూదితో అద్దితే చాలు, పుచ్చిన భాగం నల్లబడి గట్టిపడుతుంది. నరం దాకా పోని పళ్లకు, ఆపరేషన్ తేదీ వచ్చేలోగా పుచ్చు పెరగకుండా దీన్ని వాడమని మీ డాక్టరుగారిని అడగండి. నలుపు చూసి కంగారు పడవద్దు. వాపు తెచ్చిన పన్నుకు మాత్రం ఇవేవీ చాలవు.

మీవారి భయం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆ భయం అకారణం కాదు. పూర్తి మత్తు చిన్న విషయమని చెప్పేవారిని నేను నమ్మను. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు, పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న అనస్థీషియా డాక్టరు, తగిన థియేటర్‌లో ఇచ్చినప్పుడు తీవ్రమైన ప్రమాదం చాలా అరుదు. ఆ వాక్యంలోని ప్రతి షరతూ ముఖ్యమైనదే. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 2016 డిసెంబరులో ఒక హెచ్చరిక ఇచ్చింది. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గాని, పదేపదే గాని మత్తు ఇస్తే ఎదిగే మెదడుపై ప్రభావం పడవచ్చన్నది దాని సారాంశం. మీ బాబు మూడేళ్లు దాటాడు, ఇవ్వబోయేది ఒక్కసారి. పసిపిల్లలకు హెర్నియా ఆపరేషన్ కోసం గంటలోపు మత్తు ఇచ్చి, వారిని ఐదేళ్ల వయసు దాకా గమనించిన పెద్ద అధ్యయనం 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తెలివితేటల్లో తేడా కనబడలేదని అందులో తేలింది. మీ బాబుకు పట్టే సమయం అంతకంటే ఎక్కువే, కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మీకు అన్వయించను. ఒక్కసారికే అన్నీ పూర్తయ్యేలా చూసుకోవాలన్న పాఠం మాత్రం రెండింటి నుంచీ తీసుకోవాలి. మరొక సంగతి మీవారికి చెప్పండి. మత్తును వైద్యలోకానికి పరిచయం చేసిన హోరేస్ వెల్స్, విలియం మోర్టన్ ఇద్దరూ దంతవైద్యులే. 1844లో వెల్స్ నైట్రస్ ఆక్సైడ్‌ను, 1846లో మోర్టన్ ఈథర్‌ను వాడారు. పంటి నొప్పి మనిషిని ఎంత వేధించిందో దానినిబట్టే తెలుస్తుంది.

ఎక్కడ చేయించాలన్న దానిలో రాజీ పడకండి. బ్రిటన్‌లో 2001 డిసెంబరు చివరి నుంచి దంతవైద్యానికి పూర్తి మత్తు ఆసుపత్రిలో తప్ప క్లినిక్ కుర్చీలో ఇవ్వరాదన్న నిబంధన పెట్టారు. క్లినిక్‌లలో జరిగిన పిల్లల మరణాలే దానికి కారణం. మీరు కూడా ఆ నియమమే పాటించండి. అనస్థీషియా డాక్టరును విడిగా కలిసి మాట్లాడండి. పిల్లలకు తరచుగా మత్తు ఇస్తుంటారా, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ థియేటర్‌లో ఉందా, అవసరమైతే పిల్లల ఐసీయూ ఎంత దూరంలో ఉంది అని అడగండి. ఇలా అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర మాత్రం చేయించకండి.

వాళ్లు మిమ్మల్ని అడిగేవాటికి ఏదీ దాచకుండా చెప్పండి. బాబుకు ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయా, రాత్రి గురక పెడతాడా, ఏ మందైనా పడదా, దెబ్బ తగిలితే రక్తం ఆలస్యంగా ఆగుతుందా అన్నవి అందరూ అడుగుతారు. మన ప్రాంతానికి సంబంధించి ఇంకొక మాట చేర్చాలి. మీది మేనరికమైతే తప్పకుండా చెప్పండి, వంశంలో దాగి ఉన్న లోపాలు బయటపడే అవకాశం అలాంటి సంబంధాల్లో ఎక్కువ. సక్సినైల్ కోలిన్ అనే కండరాలను సడలించే మందు కొందరి శరీరంలో త్వరగా విరగదు, ఊపిరి తిరిగి అందుకోవడానికి గంటలు పడుతుంది. దాన్ని విరిచే ఎంజైము పుట్టుకతోనే లేకపోవడం దీనికి కారణం. దక్షిణాదిన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగిలినవారికంటే ఎక్కువగా కనబడినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. ముందుగా తెలిస్తే ఆ మందు వాడకుండా వేరే మందు వాడతారు, అంతకు మించి కంగారు లేదు. మీ ఇంట్లోగాని, మీ పుట్టింట్లోగాని ఎవరికైనా ఆపరేషన్ తర్వాత స్పృహ, ఊపిరి చాలా ఆలస్యంగా వచ్చిందని పెద్దలు చెప్పుకుంటే, అది పాత ముచ్చట అని వదిలేయక డాక్టరుకు చెప్పండి. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లల విషయం వేరు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి హృదయాలయం వంటి చోట గుండె ఆపరేషన్ జరగబోయే బిడ్డకైతే చీము పళ్లు ముందుగా బాగుచేయడం ప్రాణావసరం. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి గుండె కవాటాలకు పట్టవచ్చు. మీరు అలాంటిదేమీ రాయలేదు.

ఆపరేషన్ రోజున కడుపు ఖాళీగా ఉండాలన్నది చాదస్తం కాదు. మత్తులో దగ్గు, మింగడం వంటి రక్షణలు పనిచేయవు, కడుపులో ఉన్నది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నం, టిఫిను, ఆవుపాలు, గేదెపాలు ఆరు గంటల ముందే ఆపాలి. మామూలు నీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వవచ్చు. పాలు నీళ్లలాంటివే కదా అనుకోకండి, కడుపులోకి వెళ్లాక విరిగి గట్టిపడతాయి. బిడ్డ ఏడుస్తున్నాడని ఇంట్లో పెద్దవాళ్లు చాటుగా ఒక బిస్కెట్టు పెట్టడం మేము మళ్లీమళ్లీ చూసే సంగతి. అలా జరిగితే దయచేసి చెప్పేయండి, ఆపరేషన్ మరో రోజుకు మారుతుంది, అంతే. దాచిపెడితే వచ్చే ముప్పు చాలా పెద్దది. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, రెండు మూడు వారాలు వాయిదా వేస్తారు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. బాబుకు మాస్కు ద్వారా సెవోఫ్లూరేన్ అనే మత్తుమందు ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లో నిద్రలోకి జారుకుంటాడు. చేతికి సూది గుచ్చేది ఆ తర్వాతే. నోరు మాకు కావాలి కాబట్టి ఊపిరి గొట్టాన్ని ముక్కు గుండా పంపుతారు, గొంతులోకి నీళ్లు దిగకుండా తడిపిన పలుచని నూలు గుడ్డ పెడతారు, చివరలో అది తీసేశారా లేదా అని లెక్క చూస్తారు. మెలకువలో తీయలేకపోయిన ఎక్స్‌రేలు అప్పుడు తీస్తారు. కాబట్టి ఏ పన్నుకు ఏ వైద్యమన్నది చివరికి తేలేది అక్కడే. ముందు చెప్పిన లెక్క మారితే ఆశ్చర్యపోకండి, మారే అవకాశం ఎంతో ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మత్తులో మేము తీసుకునే నిర్ణయాలు కుర్చీలో తీసుకునేవాటికంటే కఠినంగా ఉంటాయి. మరో ఆరు నెలలు చూద్దామనుకునే పన్నును ఇక్కడ అనుమానంతో వదలం, ఎందుకంటే అది చెడితే రెండోసారి మత్తు ఇవ్వాలి. దవడ పళ్లకు తెల్లటి ఫిల్లింగు అందంగా ఉంటుంది గాని చిన్నపిల్లల్లో తొందరగా ఊడుతుంది. స్టీలు క్యాపులు మెరుస్తాయని వద్దనవద్దు, పాలపన్ను ఊడేదాకా నిలిచేవి అవే. ముందు పళ్లకు కావాలంటే జిర్కోనియా తెల్ల క్యాపులు ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. వాపు తెచ్చిన పన్నును బహుశా తీసేస్తారు. అప్పుడు ఆ చోటు మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ పెట్టాలి, దాన్ని అడగడం మరచిపోకండి.

మెలకువ వచ్చేటప్పుడు చాలామంది పిల్లలు గట్టిగా ఏడుస్తారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, తల్లిని కూడా గుర్తుపట్టనట్టు చూస్తారు. చూసే తల్లికి ప్రాణం పోయినంత పనవుతుంది. అది చాలావరకు నొప్పి వల్ల వచ్చేది కాదు, మత్తు దిగే తీరు అలాంటిది, సాధారణంగా అరగంటలోపు సర్దుకుంటుంది. ఆ సమయంలో మీరు పక్కన ఉండేలా ముందే మాట్లాడుకోండి. ముక్కులోంచి కొద్దిగా రక్తం, గొంతు బొంగురు, ఒకటి రెండు వాంతులు మామూలే. తిమ్మిరి ఉన్న పెదవిని కొరుక్కోకుండా కనిపెట్టుకుని ఉండండి. మొదట నీళ్లు, నిలిస్తే చల్లని పాలో ఐస్‌క్రీమో, సాయంత్రానికి మెత్తని అన్నం. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు. అయినా పలమనేరు దూరం దృష్ట్యా ఆ రాత్రి తిరుపతిలోనే ఉండి మర్నాడు వెళ్లండి.

ఇక భయం సంగతి. ఆసుపత్రికి తీసుకెళ్తూ గుడికి వెళ్తున్నామనో బొమ్మ కొనడానికనో చెప్పకండి. మాస్కు కనబడిన క్షణంలో ఆ అబద్ధం బయటపడుతుంది, ఇకపై మీరు చెప్పే ఏ మాటనూ బాబు నమ్మడు. నాలుగేళ్లవాడికి అర్థమయ్యేంత నిజం చాలు. పళ్లలో నొప్పి ఉంది, ఒక మాస్కు పెట్టుకుంటావు, నిద్రపోతావు, నిద్రలో డాక్టరు పళ్లు బాగు చేస్తారు, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది అని ఒకటి రెండు రోజుల ముందు చెప్పండి. వారం ముందే చెబితే రోజూ ఆలోచిస్తాడు. అనస్థీషియా డాక్టరును అడిగి ఒక ఖాళీ మాస్కు ఇంటికి తెచ్చుకుని, ముందు మీరు పెట్టుకుని, తర్వాత బొమ్మకు పెట్టి, ఆ తర్వాత బాబుకు పెట్టి ఆడించండి. నొప్పి ఉండదని ఎప్పుడూ మాట ఇవ్వకండి. సూది మాట ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. అల్లరి చేస్తే డాక్టరు దగ్గర సూది వేయిస్తానని ఎన్ని ఇళ్లలో అనరు చెప్పండి, ఆ బెదిరింపు పంటి కుర్చీ దాకా బిడ్డ వెంట వస్తుంది. పెద్దవాళ్లు తమ పన్ను పీకించుకున్న కథలు బాబు ముందు చెప్పుకోవడం కూడా ఈ కొన్ని నెలలు మానాలి.

ఆపరేషన్ తర్వాత రెండు వారాలకు ఒకసారి, తర్వాత మూడు నెలలకొకసారి డాక్టరుకు చూపించాలి. ఈ రాకలను పళ్ల తనిఖీ అనుకోకుండా భయానికి చేసే వైద్యంగా భావించండి. నోట్లో నొప్పి తెచ్చేది ఏదీ లేని ఈ సమయమే భయం విప్పడానికి అనువైనది. చెప్పడం, చూపించడం, తర్వాతే చేయడం అన్న పద్ధతి 1959 నుంచి వాడుకలో ఉంది, ఇప్పటికీ దానికి మించినది నాకు తెలియదు. మొదటి రోజు బాబు మీ ఒళ్లో కూర్చుంటాడు. డాక్టరు చిన్న అద్దాన్ని బాబు చేతికే ఇచ్చి తన పళ్లు తననే చూసుకోనిస్తారు. గాలి గొట్టాన్ని నోట్లో పెట్టేముందు అరచేతిమీద ఊది చూపిస్తారు, తిరిగే బ్రష్‌ను బాబు బొటనవేలి గోటిమీద తిప్పుతారు, చక్కిలిగిలి పెడుతుందని బాబే చెబుతాడు. ఆపాలనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పి, బాబు పరీక్షించడానికి ఊరికే ఎత్తినా వెంటనే ఆపుతారు. ఆ ఆపడంతోనే నమ్మకం మొదలవుతుంది. ఆ పూట నాలుగు పళ్లు లెక్కపెట్టడం మాత్రమే జరిగినా ఆ రాక సఫలమైనట్టే. బిడ్డ ప్రవర్తనను ఫ్రాంకెల్ కొలమానం మీద ఒకటి నుంచి నాలుగు దాకా ప్రతిసారీ రాసుకుంటాం, ఒకటి అంటే అసలు సహకరించకపోవడం, నాలుగు అంటే పూర్తి సహకారం. బాబు ఇప్పుడు ఒకటిలో ఉన్నాడు. ప్రతి రాకలో అది ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. అది పెరగకపోతే డాక్టరును మార్చడానికీ వెనకాడవద్దు. ఈ రాకలన్నిటికీ తిరుపతి రానక్కర్లేదు. ఓపిక ఉన్న దంతవైద్యులు చిత్తూరులోగాని మీ ఊళ్లోగాని ఉంటే అక్కడే జరిపించుకోండి.

మత్తులో అన్నీ బాగు చేయించుకున్న పిల్లల్లోనూ మళ్లీ పుచ్చు రావడం చాలా చోట్ల గమనించిన విషయమే, ఎందుకంటే పుచ్చు తెచ్చిన అలవాటు ఇంట్లో అలాగే ఉంటుంది. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం ఇంకా ఉంటే ఆపాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలలోని చక్కెర తెల్లవార్లూ పళ్లమీద ఉంటుంది. పంచదారకు బదులు బెల్లం కలుపుతున్నామని మన ప్రాంతంలో చాలామంది ధైర్యంగా ఉంటారు. చిత్తూరు బెల్లం ఎంత మంచిదైనా నోటిలోని సూక్ష్మజీవులకు రెండూ ఒకటే. తీపి మొత్తంగా ఎంత తిన్నాడన్న దానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. లడ్డూ ప్రసాదాన్ని కాదనమని ఏ తల్లికీ చెప్పను. భోజనంతోపాటు ఒకేసారి పెట్టేయండి, డబ్బాలో ఉంచి పొద్దుటినుంచి సాయంత్రం దాకా చిటికెడు చిటికెడు పెట్టవద్దు. వెయ్యి పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత వేసి రాత్రి పడుకునేముందు మీరే తోమాలి. బాబు చేతికి బ్రష్ ఇచ్చి వదిలేయడం ఏడెనిమిదేళ్లు వచ్చాకే. ఇప్పుడు బ్రష్ పెట్టనివ్వడం లేదు కాబట్టి ముందు తడిగుడ్డ చుట్టిన మీ వేలితో మొదలుపెట్టండి, తల మీ ఒళ్లో పెట్టించుకుని, పది లెక్కపెట్టి ఆపేయండి. ఆపుతానన్నచోట ఆపితే మర్నాడు ఇరవై దాకా ఒప్పుకుంటాడు.

ఈ వారంలో మీరు చేయవలసింది అనస్థీషియా డాక్టరును కలవడం, రక్త పరీక్షలు చేయించడం, రాతలో వైద్య ప్రణాళిక తీసుకోవడం. తేదీకి ఆలస్యమవుతుందంటే పుచ్చు నరం దాకా పోని పళ్లకు సిల్వర్ ద్రవం పూయించండి. బాబుకు ఆరేళ్లు వచ్చే సమయానికి పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు కొత్త దవడ పళ్లు వస్తాయి. అవి జీవితాంతం ఉండవలసినవి, చాలామంది తల్లిదండ్రులు పాలపళ్లే అనుకుని వదిలేస్తారు. వాటి గుంతలు పూడ్చే సీలెంట్ వేయడానికి సూదీ లేదు, డ్రిల్లూ లేదు, ఒక్కో పన్నుకు కొన్ని నిమిషాలు నోరు తెరిచి కూర్చుంటే చాలు. బాబు ఆ కొన్ని నిమిషాలు మెలకువలో, తనంతట తాను కూర్చోగలిగేలా చేయడానికి మీకూ డాక్టరుకూ రెండేళ్ల వ్యవధి ఉంది.